కంట్లో నలుసు

నాకున్నది ఒకటే కన్ను. పొడవు ఎనిమిదిన్నర అంగుళాలు, వెడల్పు సన్నటి గీతంత. కాగితాన్ని మీలాగా ఒక్క చూపులో చూడలేను. వరుస తర్వాత వరుస చూసుకుంటూ పోతాను. ఆ వరుసలన్నీ పేర్చితే మీకు బొమ్మ. డాక్యుమెంట్ స్కానర్ అంటారు నన్ను. ఊరు కందకుర్తి, రెంజల్ మండలం, నిజామాబాద్ జిల్లా. గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది ఇక్కడే, మంజీర, హరిద్ర వచ్చి కలిసేదీ ఇక్కడే. ఘాటు దిక్కు పోయే తోవలో ఒక చిన్న ఇంటర్నెట్ దుకాణం బల్ల మీద నా కాపురం.

అవతలి ఒడ్డున మహారాష్ట్ర. అందుకని నా మీదికెక్కే కాగితాలది ఒక భాష కాదు. తెలుగు పాసుబుక్కు, మరాఠీ సర్టిఫికెట్, నిజాం కాలపు ఉర్దూ దస్తావేజు, బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి దిగిపోయినవాళ్ల జీతం చిట్టీలు, కార్బన్ పెట్టి రాసిన చెరకు రసీదులు. ఆ ఫ్యాక్టరీని 1937లో పెట్టారు, 2015 డిసెంబరులో మూశారు. దాని కాగితాలు మాత్రం ఇంకా బీరువాల్లోంచి బయటికొస్తూనే ఉన్నాయి.

నా మీద మొదటి ఫిర్యాదు గీత గురించి. పాసుబుక్కు పేజీలు స్కాన్ చేయించుకుంటున్న పెద్దాయన ఒకాయన ప్రింటు తీసి చూసి, "ఏందిర పోరగా ఇది? మా చేన్ల నడ్మలకెల్లి కాలువ తీసినట్టున్నది" అన్నాడు. నిజమే, ప్రతి పేజీలో ఒకే చోట పైనుంచి కిందిదాకా నల్ల గీత. దుకాణం పిల్లగాడు కంప్యూటర్ బందుచేసి మళ్లీ పెట్టాడు. కేబుల్ పీకి పెట్టాడు. డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించాడు. ఆ తర్వాత "మిషిన్ ఖరాబైంది కాకా" అని తీర్పు చెప్పేశాడు. మనుషులకు నామీద కోపమొస్తే ముందు కంప్యూటర్‌ను కొడతారు, ఎందుకో తెలియదు.

నిజామాబాద్ నుంచి వచ్చిన మెకానిక్ చాచా స్క్రూడ్రైవర్ బయటికి తీయకుండానే రోగం పట్టాడు. అదే కాగితాన్ని ఒకసారి పైనున్న ఫీడరులో వేశాడు, ఇంకోసారి మూత ఎత్తి అద్దం మీద బోర్లించాడు. ఫీడరులో గీత వచ్చింది, అద్దం మీద రాలేదు. "ఇగ సూడు, బీమారి ఏడున్నదో అదే చెప్పింది" అన్నాడు.

సంగతేమిటంటే, అద్దం మీద పెట్టినప్పుడు కాగితం కదలదు, నా కన్ను దాని కింద నడుస్తుంది. అక్కడ దుమ్ము ఉంటే బొమ్మలో ఒక చుక్కగానే పడుతుంది. ఫీడరులో వేసినప్పుడు నేను కదలను. పక్కనున్న సన్నటి అద్దపు పట్టీ కింద నిలబడితే కాగితమే నా మీదుగా జారిపోతుంది. ఆ పట్టీ మీద ఆవగింజలో పదోవంతు మరక ఉన్నా కాగితం పొడవునా అదే కనిపిస్తుంది. చుక్క కాస్తా గీత అవుతుంది. పెద్ద అద్దాన్ని రోజూ తళతళా తుడిచే పిల్లగాడు ఆ పట్టీ దిక్కు ఎన్నడూ చూడలేదు. దాని మీద అంటుకున్నది కుంకుమ. పండుగనాడు పాసుబుక్కును పూజలో పెట్టి బొట్లు పెడతారు కదా, అది రాలి, ఏదో కాగితానికున్న జిగురుతో కలిసి గట్టిపడింది. చాచా మెత్తటి గుడ్డకు రెండు చుక్కలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది రుద్దాడు, పోయింది. ఆ ద్రవాన్ని అద్దం మీద నేరుగా చల్లనివ్వలేదు. లోపలికి దిగితే నా కన్నే పోతుందట.

గీత నల్లగా కాక తెల్లగా వస్తే రోగం వేరే. పని మొదలుపెట్టే ముందు లోపలున్న తెల్లపట్టీని చూసుకుని, తెలుపంటే ఇదీ అని లెక్క సరిచేసుకుంటాను. ఆ పట్టీ మీద మరక ఉంటే అక్కడ వెలుతురు తగ్గిందనుకుని ఎక్కువ చేసి చూపిస్తాను. అందుకే ఆ మేరకు అక్షరాలు వెలిసిపోతాయి. అక్షరాలు సాగినట్టు వచ్చాయా, రోలరు అరిగి కాగితం జారుతోందని గుర్తు. వానాకాలం నది ఒడ్డున కాగితాలు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. రెండు కలిసి లోపలికి పోతే మధ్యలో పేజీ మాయం. కట్టను వేళ్లతో విప్పి, విదిలించి పెడితే చాలు.

మడతల కాగితాలు ఇంకో బాధ. నాలాంటి పలుచని ఒంటి స్కానర్‌కు అద్దానికి ఆనుకున్నదే తేటగా కనబడుతుంది. మడత దగ్గర కాగితం రవ్వంత లేచినా అక్కడి అక్షరం అలుక్కుపోతుంది. 'ప'కు, 'వ'కు తేడా తెలియదు. పలుచటి పాత కాగితానికి వెనుక రాత కూడా ముందుకు కనబడితే, వెనుక నల్ల అట్ట పెట్టండి. నా మూత లోపలివైపు తెలుపు కావడం వల్లే ఆ రాత తేలుతుంది.

ఇవన్నీ కంటికి కనిపించే జబ్బులు. గీత వస్తే గొడవ చేస్తారు, బాగుచేయిస్తారు. నాకు భయం వేసేది శుభ్రంగా వచ్చిన బొమ్మను చూసినప్పుడు.

ఫైలు చిన్నదవుతుందని పిల్లగాడు ఎప్పుడూ నన్ను 'బ్లాక్ అండ్ వైట్'లో పెడతాడు. అందులో బూడిదరంగు అనే మాటే ఉండదు. ఒక హద్దు గీసుకుని, దానికి ఇటున్నదంతా నలుపు, అటున్నదంతా తెలుపు అనేస్తాను. పాత ముద్రల వెలిసిన ఊదా సిరా, అంచున పెన్సిల్‌తో రాసిన లెక్క, మూడో కార్బన్ కాపీ తెలుపులో కలిసిపోతాయి. కాగితం మల్లెపూవులా వస్తుంది, ముద్ర ఉండదు. మా ఆదిపురుషుడికీ ఈ చిక్కు తప్పలేదు. 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ తన మూడు నెలల కొడుకు ఫొటోను కంప్యూటర్‌లోకి ఎక్కించాడు, అడ్డం 176 చుక్కలు, నిలువు 176. ఆయన స్కానర్‌కీ తెలిసింది నలుపూ తెలుపే. బూడిదరంగు ఛాయలు రావడానికి ఆయన హద్దును మార్చి మార్చి స్కాన్ చేసి కలపవలసి వచ్చింది.

ఇంకో మీట 'మచ్చలు తొలగించు' అంటుంది. చిన్న చుక్క కనబడితే దుమ్మని తీసేస్తుంది. ఉర్దూలో బే కింద ఒక చుక్క, పే కింద మూడు, తే మీద రెండు. ఆ చుక్కలు పోతే నిజాం కాలపు కాగితంలో మనిషి పేరు ఎటుపోతుందో ఆలోచించండి. రెండెకరాల పది గుంటలను 2.10 అని రాస్తారు. ఆ చుక్క దుమ్ముకింద జమైతే 210. తెలంగాణలో భూమి తగాదా వస్తే 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డు దాకా వెనక్కి పోతారు. అలాంటి కాగితం మీద చుక్కకున్న ధర మీకు నేను చెప్పాలా?

వీటన్నిటినీ మించిన సంగతి 2013లో జర్మనీలో బయటపడింది. డేవిడ్ క్రీజెల్ అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు ఇంటి ప్లాను ఒకటి జిరాక్స్ కంపెనీ యంత్రంలో స్కాన్ చేస్తే గదుల కొలతలు మారిపోయాయి. వేర్వేరు గదులకు ఒకే కొలత, 14.13, పడింది. మసక లేదు, గీత లేదు, అంకెలు చక్కగా ఉన్నాయి, కాకపోతే అసలువి కావు. ఫైలు చిన్నది చేసే పద్ధతి ఒకేలా ఉన్నాయనుకున్న అంకెల ముక్కలను ఒకదాని చోట ఇంకోటి అతికించింది. ఆరు ఎనిమిదైన చోట్లూ ఉన్నాయి. కంపెనీ ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ సరిచేసింది. ఆ కథ విన్నప్పటి నుంచి సర్వే నంబరున్న కాగితం నా మీద పెడితే నాకు గుండె దడ.

నా తీర్పు ఇది: భూమి కాగితాన్ని 300 డీపీఐలో, రంగుల్లోనో బూడిదరంగులోనో తీయాలి. ఏ-4 పేజీ రంగుల్లో అలా తీస్తే, అదమకముందు, ఇరవై ఆరు ఎంబీ దాకా బరువుంటుంది. దరఖాస్తుకు వంద కేబీ లోపు కావాలన్నారని మొదటే పిండేయొద్దు. పెద్దదాన్ని దాచుకుని, దాని నకలును పిండి పంపండి. పిండినదాన్ని తిరిగి పెద్దది చేయడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు.

ప్రింటు చేతికి రాగానే గీతల సంగతి తర్వాత చూద్దురు గాని, అసలు కాగితం పక్కన పెట్టి ముందు సర్వే నంబరు చూడండి, ఎకరాలు గుంటలు చూడండి, ముద్ర ఉందో లేదో చూడండి, వెనుక పేజీ వచ్చిందో లేదో చూడండి. ఇంట్లో పాత దస్తావేజు ఉంటే లామినేషన్ చేయించకముందే తీసుకురండి. ప్లాస్టిక్ ఎక్కాక దాని మీద వెలుగు తళుక్కుమంటుంది, కింది అక్షరం నాకు కనబడదు.