తెర లేవకముందు

విశ్వవిద్యాలయంలో విద్యార్థి నాటకం కమిటీతో పుడుతుంది. ఆహ్వాన, వేదిక, భోజన, సన్మాన ఉపసంఘాలు కుదిరాక, నటులెవరన్న ప్రశ్న వస్తుంది. తర్వాతిది అనుమతుల అంకం. ఆడిటోరియం కోసం పెట్టిన అర్జీ విభాగాధిపతి నుంచి రిజిస్ట్రారు దాకా వెళ్లి, ఒక సంతకం తక్కువైందని వెనక్కి వస్తుంది. ఈలోగా రిహార్సళ్లు హాస్టల్ మేడమీద, వాచ్‌మన్ ఈల వేసేదాకా.

నాటకం ఎంపిక సులువు: అందరూ పేరు విన్నది, ఎవరూ పూర్తిగా చదవనిది ‘కన్యాశుల్కం’. 1909 నాటి రెండో కూర్పు ఏడంకాలు. మొత్తం ఆడితే తెల్లారుతుంది. పోటీల్లో ఏకాంకికకు దక్కేది అరగంట. కత్తెర పడ్డాక గిరీశం, మధురవాణి, చుట్ట మిగులుతాయి. బుచ్చమ్మ కష్టం, అసలు కన్యాశుల్కమనే దురాచారం నిడివి చాలక తప్పుకుంటాయి.

బడ్జెట్‌లో సింహభాగం శాలువాలకు, జ్ఞాపికలకు. సెట్టుకు మిగిలేది చిల్లర కనుక అగ్రహారం ఇల్లంటే రెండు ప్లాస్టిక్ కుర్చీలు, నిరుటి వార్షికోత్సవపు ఫ్లెక్సీ వెనకవైపు. ముఖ్య అతిథి నాటకరంగం అంతరించిపోతోందని గంటసేపు బాధపడి, తెర లేవకముందే మరో సభకు బయల్దేరతారు. ఆయన కారుకు దారివ్వడానికి గిరీశం మేకప్‌తోనే బైకులు పక్కకు జరుపుతాడు.