సైలెన్సరబ్బాయి

విజయవాడలో ఏ అపార్ట్‌మెంట్‌ చూసినా ఒకడుంటాడు. సెల్లార్‌లో వాడి కారు స్టార్టయితే నాలుగో అంతస్తులో కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో లెక్క తప్పుతుంది. అసలు పేరు మెయింటెనెన్స్ రసీదు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. వాచ్‌మన్ దగ్గర్నుంచి అసోసియేషన్ ప్రెసిడెంట్‌గారి దాకా అందరికీ సైలెన్సరబ్బాయే.

ముప్ఫై దాటిన వయసు, బ్యాంకులోనో సాఫ్ట్‌వేర్‌లోనో ఉద్యోగం, వాయిదాల మీద ఫ్లాటు, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న హోండా సిటీ. మనిషి నెమ్మదస్తుడు. ఫోన్లో కూడా గొంతు పెంచడు, మేనేజరు తిడితే వంచిన తల ఎత్తడు. గొంతుతో చెయ్యలేని పనంతా కారు వెనకాల వేలాడే లావుపాటి స్టీలు గొట్టం చేసిపెడుతుంది.

కంపెనీ బిగించిన సైలెన్సర్ డబ్బాలో అడ్డుగోడలు, చిల్లుల గొట్టాలు, గదులు ఉంటాయి. పొగ వాటి మధ్య తిరిగి తిరిగి, జోరు పోగొట్టుకుని బుద్ధిగా బయటికొస్తుంది. 1897లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో రీవ్స్ సోదరులు సైలెన్సర్‌కి పేటెంట్ తీసుకున్నారు. అప్పట్నుంచి నూట పాతికేళ్లుగా ఇంజనీర్లు ఇంజను నోరు మూయించడానికి పడ్డ పాట్లన్నిటినీ మనవాడు ఆటోనగర్‌లో ఒక్క మధ్యాహ్నం కోయించి పారేశాడు. ఆ డబ్బా స్థానంలో అడ్డుగోడల్లేని ‘ఫ్రీ ఫ్లో’ గొట్టం వచ్చింది. మధ్యలో ఉండే రెసొనేటర్‌ని కూడా, ‘అది ఉత్త ఖాళీ డబ్బా సార్, తీసేస్తే పికప్ వస్తుంది’ అని షాపు కుర్రాడు అనగానే తీయించేశాడు. పికప్ వచ్చిందా అంటే, చప్పుడు పెరిగితే బండి వేగం కూడా పెరిగినట్టే అనిపిస్తుంది. స్పీడోమీటర్ మాత్రం ఆ అభిప్రాయంతో ఏకీభవించలేదు.

ఊళ్లో ఉన్నన్నాళ్లూ వైభవమే. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఫస్ట్ గేరులో ఒక్కసారి తొక్కితే ఆటోలవాళ్లు కూడా తిరిగి చూస్తారు. ప్రెసిడెంట్‌గారు వాట్సాప్ గ్రూపులో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు పెడతారు. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది దాటితే 45. సైలెన్సరబ్బాయి దానికి దండం బొమ్మ పెట్టి ఊరుకుంటాడు.

అసలు తమాషా హైదరాబాద్ హైవే ఎక్కాక మొదలవుతుంది.

చిల్లకల్లు టోల్ దాటి, ఐదో గేరులో వంద అందుకోగానే కారు లోపల హోరు పుడుతుంది. చప్పుడని కూడా అనలేం. చెవుల్లో కన్నా ఛాతీలో, పంటి చిగుళ్లలో ఎక్కువ తెలుస్తుంది. ఎనభైలో ఉండదు, నూట పదిహేనులో ఉండదు, వంద దగ్గరే ఉంటుంది. వెనక సీట్లో అత్తగారు సూర్యాపేట దాకా ఓర్చుకుని, చివరికి అంటారు:

“అల్లుడుగారూ, బండికేదో అయినట్టుందండీ. ఎక్కడైనా ఆపి చూపించుకుంటే మంచిదేమో.”

“అది అంతేనండీ అత్తయ్యగారూ. స్పోర్ట్స్ సౌండు.”

“మాత్రలున్నాయా అమ్మాయ్?” అని ఆవిడ కూతురి వైపు తిరుగుతారు.

తిరుగు ప్రయాణం మొత్తం ఎనభైలో, లారీల వెనకాల సాగింది. ఆ రాత్రే మనవాడు సంకల్పం చెప్పుకున్నాడు: హోరు పోవాలి, సైలెన్సర్ ఉండాలి, ఖర్చు కాకూడదు. ఈ మూడో షరతు దగ్గరే ఈ జాతి మనుషులంతా ఒక్కటే. చప్పుడు కొనడానికి వెనకాముందు చూడని చెయ్యి, అది తగ్గించడానికి వచ్చేసరికి వంద రూపాయల దగ్గర వణుకుతుంది.

మొదట డిక్కీ మీద పడ్డాడు. భార్య యోగా మ్యాటు, ఫ్రిజ్ వచ్చిన పెట్టెలోని థర్మాకోల్, పాత సోఫా స్పాంజి, కిరాణా కొట్టువాడిచ్చిన కోడిగుడ్ల అట్టలు అన్నీ డిక్కీ ఎక్కాయి. సూట్‌కేసులు పిల్లాడి ఒళ్లోకి వచ్చాయి. తీరా హైవే ఎక్కితే టైర్ల చప్పుడు కాస్త తగ్గింది, గాలి చప్పుడు కాస్త తగ్గింది, వాటి అడ్డు తొలగడంతో హోరు ఇంకా శుభ్రంగా వినపడింది.

తప్పు స్పాంజిది కాదు. నాలుగు సిలిండర్ల పెట్రోలింజను ఒక చుట్టుకి రెండుసార్లు పేలుతుంది. వంద వేగంలో నిమిషానికి 2700 చుట్లనుకుంటే సెకనుకు 45 చుట్లు, అంటే 90 పేలుళ్లు. ఆ 90 హెర్ట్జ్ శబ్దపు తరంగం పొడవు మామూలు గాలిలో దాదాపు 3.8 మీటర్లు, కారు పొడవుకి కాస్త తక్కువ. స్పాంజి అలాంటి తరంగాన్ని మింగాలంటే అందులో పావు వంతు మందమైనా ఉండాలి, అంటే తొంభై అయిదు సెంటీమీటర్లు. అంత మందాన స్పాంజి పరిస్తే కారులో మనుషులకి చోటుండదు, అప్పుడు హోరు గురించి ఫిర్యాదూ ఉండదు.

తర్వాత బ్యూటైల్ షీట్ల వంతు. రెండు మిల్లీమీటర్ల జిగురు రబ్బరు, పైన అల్యూమినియం రేకు. కారు రేకు కంపించకుండా ఇవి బాగా పట్టి ఉంచుతాయి. గలగలలు పోతాయి గానీ గొట్టంలోంచి వచ్చే హోరు పోదు. ఈ పరిశోధనలో తేలిందేమిటంటే, ఇంతకాలం ‘ఎగ్జాస్ట్ నోటు’ అని స్నేహితులకి వినిపించిన దాంట్లో సగం వెనక నంబర్ ప్లేటుదట. రెండు రబ్బరు వాషర్లతో అది ఆగిపోయింది. మనవాడు కొంచెం నొచ్చుకున్నాడు.

శబ్దాన్ని దాని తలకిందుల తరంగంతో చంపే పద్ధతి ఒకటుంది. పాల్ ల్యూగ్ అనే జర్మన్‌కి 1936లోనే దాని మీద అమెరికన్ పేటెంట్ వచ్చింది. నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లన్నీ ఆ సూత్రం మీదే నడుస్తాయి. ఇది చదివి మనవాడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కారు తోలతానన్నాడు. “వెనక లారీవాడి హారన్ ఎవరు వింటారు, నేనా?” అని భార్య అనేసరికి ఆ అధ్యాయం అక్కడికి ముగిసింది.

చివరికి మళ్లీ ఆటోనగరే. ఈసారి ఫ్రీ ఫ్లో బిగించిన ఆ అద్దాల షాపుకి వెళ్లలేదు. లారీ బాడీలు కట్టే వీధి చివర, రేకుల షెడ్డులో వెల్డింగ్ చేసే ఒక పెద్దాయన దగ్గరికి చేరాడు. అందరికీ ఆయన భాయ్. సైలెన్సరబ్బాయి ఫోన్ తీసి స్పెక్ట్రమ్ యాప్‌లో 90 దగ్గర లేచిన శిఖరం చూపించాడు. భాయ్ కళ్లజోడు తుడుచుకుని ఆ బొమ్మ వంక మర్యాదగా చూసి, ఫోన్ తిరిగిచ్చి, కారు కిందికి దూరాడు.

“స్టార్ట్ చెయ్ తమ్ముడూ.”

గుడ్డ ఉండ చేసి గొట్టం మూతికి ఒక్క క్షణం అదిమిపట్టాడు. ముందు వైపు ఫ్లాంజి దగ్గర బుస్సుమని వినపడింది. గ్యాస్కెట్ కాలిపోయి పొగ లీకవుతోంది. ఇంజను ఆపించి, చల్లారాక గొట్టాన్ని చేత్తో ఊపితే అది హీట్ షీల్డుకి ఠంగున తగిలింది. మోయాల్సిన రబ్బరు హ్యాంగర్లలో ఒకటి చీలింది, ఇంకోటి సాగి వేలాడుతోంది. గొట్టం రేకుకి తగిలిందంటే దాని కంపనమంతా బాడీకి ఎక్కుతుంది, కారే స్పీకరవుతుంది. ఒక గ్యాస్కెట్, రెండు హ్యాంగర్లు, కాస్త కూలి. హోరు కంటికి కనపడేంత తగ్గింది. యాప్‌లో శిఖరం కుంగింది.

తక్కువలో కావాలన్నవాడికి ఇంతకన్నా తక్కువేముంటుంది? అయినా మనవాడి మొహంలో వెలుగు లేదు. కోడిగుడ్ల అట్టలతో, బ్యూటైల్‌తో అంత యుద్ధం చేసినవాడికి వ్యాధి రబ్బరు ముక్కలో ఉందంటే అవమానంగా ఉంటుంది. మిగిలిన హోరుకి శాస్త్రీయ చికిత్స కావాలన్నాడు.

ఆ చికిత్స నిజంగానే ఉంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒకే స్వరం పలుకుతుంది కదా, ఈ లెక్క దానికి దగ్గరి చుట్టం. ఎగ్జాస్ట్ గొట్టానికి పక్కన ఒక కొమ్మ గొట్టం వెల్డ్ చేసి, రెండో చివర మూత వేసేస్తారు. వంచి బిగిస్తే జె అక్షరంలా ఉంటుంది కాబట్టి జె-పైపంటారు. శబ్దం అందులోకి పోయి, మూతకి కొట్టుకుని వెనక్కి వస్తుంది. గొట్టం పొడవు తరంగంలో సరిగ్గా పావు వంతుంటే, వచ్చే అల, పోయే అల ఎదురుపడి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పొగకి అడ్డులేదు, పవర్ పోదు, మిగతా స్వరమూ పెద్దగా మారదు. కావలసింది రెండు మూరలో మూడు మూరలో గొట్టం, ఒక మూత.

“తొంభై అయిదు సెంటీమీటర్లు కొయ్ భాయ్,” అన్నాడు సైలెన్సరబ్బాయి, ఎక్సెల్ షీటు చూసి.

“ఎక్కువే పెడదాం తమ్ముడూ. కోసింది మళ్లీ అతకాలంటే చాకిరీ.”

“లెక్క కట్టాను భాయ్.”

కట్టిన మాట నిజమే, బళ్లో చదివిన సెకనుకు 343 మీటర్లతో కట్టాడు. అది ఇరవై డిగ్రీల గాలిలో ధ్వని వేగం. ఎగ్జాస్ట్ గొట్టంలో గాలి అంత చల్లగా ఉండదు. రెండొందల డిగ్రీల దగ్గర ధ్వని సుమారు 435 మీటర్ల వేగంతో పోతుంది. ఆ లెక్కన 90 హెర్ట్జ్‌కి కావలసింది 121 సెంటీమీటర్లు. తొంభై అయిదు సెంటీమీటర్ల గొట్టం 114 హెర్ట్జ్‌ని మింగుతుంది. అంటే ఇంజను 3400 పైన తిరిగేచోట, ఇదే కారు అదే గేరులో గంటకు దాదాపు 127 కిలోమీటర్లు పోతున్నప్పుడు. నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కార్ల గరిష్ఠ వేగం వంద. చట్టం ఒప్పుకోని వేగంలో మాత్రమే పనిచేసే నిశ్శబ్దం కొనుక్కుని ఇంటికొచ్చాడు.

రెండోసారి భాయ్ ఎక్కువే పెట్టాడు. హైవే మీదికి తీసుకెళ్లి చూడటం, వచ్చి రెండేసి అంగుళాలు కొయ్యడం, మళ్లీ మూత వెయ్యడం. ఒకచోట హోరు చచ్చింది. టేపు పెట్టి కొలిస్తే 118. కొమ్మ గొట్టంలో పొగ పారదు గనక అది కాస్త చల్లగా ఉంటుంది, ఆ తేడా అన్నమాట. భాయ్‌కి 435 తెలియదు, పావు తరంగం తెలియదు. గొట్టం వేడెక్కితే లెక్క మారుతుందని మాత్రం తెలుసు.

ఇప్పుడు అత్తగారు హైదరాబాద్ దాకా నిద్రపోతున్నారు. మనవాడికే ఏదో వెలితి. కారు మరీ ‘ఫ్యామిలీ’ అయిపోయిందంటాడు. బి.ఎం.డబ్ల్యు. 2011లో తెచ్చిన ఎం5లో ఇంజను చప్పుడుని స్పీకర్ల ద్వారా లోపల వినిపిస్తారని ఎవరో చెప్పారట, దాని గురించి వాకబు చేస్తున్నాడు. నిజానికి ఆ దారి ముందే తొక్కి ఉంటే వీధికి ఎంత మేలయ్యేది!

అతను వాకబు చెయ్యనిది మరొకటుంది. తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా బండి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 182ఎ ప్రకారం యజమానికి ఒక్కో మార్పుకి అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. శబ్దం హద్దు మీరితే సెక్షన్ 190 కింద పది వేల దాకా జరిమానా వేరే. విశాఖలో పోలీసులు బైకుల సైలెన్సర్లని రోడ్డు మీద పరిచి రోలర్‌తో తొక్కించింది ఊరికే కాదు. పట్టుబట్టి లెక్కవేసే అధికారి ఎదురైతే ఫ్రీ ఫ్లో ఒకటి, తీసేసిన రెసొనేటర్ రెండు, నిశ్శబ్దం కోసం పెట్టిన జె-పైపు మూడు.

మీ ఇంట్లోనూ ఇలాంటి అబ్బాయి ఉంటే, విప్పిన కంపెనీ సైలెన్సర్‌ని మాత్రం తుక్కువాడికి తూకానికి వెయ్యనివ్వకండి. గుడ్డ చుట్టి అటకెక్కించండి. కొత్త గ్యాస్కెట్, నాలుగు రబ్బరు హ్యాంగర్లు తెచ్చుకుంటే ఒక్క పూటలో మళ్లీ బిగించెయ్యొచ్చు.