వెయ్యి ప్రతుల ఆశ

నా తెలివితక్కువతనం గురించి రాస్తున్నాను. చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బుతో సొంతంగా పుస్తకం వేసుకోవాలనుకునే వాళ్లు మా చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒక్కరైనా నేను పడిన చోట పడకుండా ఉంటే ఈ రాతకు ఫలితం దక్కినట్టే.

నా పుస్తకం కడప జిల్లాలో మా వైపు చెరువుల గురించి. పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటి ఉంది. చెరువు కట్టడానికి ఉండవలసిన పన్నెండు అంగాలేమిటో, చెరువుకు ఉండకూడని దోషాలేమిటో అది వివరంగా చెబుతుంది. దాని గురించి చదివిన రోజు నుంచి మా ఊరి చెరువును చూసే చూపే మారిపోయింది. కట్ట ఎవరు వేయించారు, తూము ఎవరి అదుపులో ఉండేది, కరువు ఏడాది నీళ్లు ఏ వరుసలో పంచుకునేవారు, చెరువు నిండి మరవ పారిన ఏడు ఊరు ఏం చేసేది అని అడుగుతూ సెలవు దొరికినప్పుడల్లా ఊళ్లు తిరిగాను. చెప్పినవాళ్లు చెరువు నీళ్లు వదిలి పంచే ముసలి నీరుగంట్లు, ఆయకట్టు రైతులు, నాట్లకు పోయిన ఆడవాళ్లు. వాళ్లు అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, తమకు తెలిసిందంతా ఏమీ దాచుకోకుండా చెప్పారు. పుస్తకంలో విలువైనదేదైనా ఉంటే అది వాళ్లది.

ఇలాంటి పుస్తకం మీద డబ్బు పెట్టే ప్రచురణకర్త దొరకడం కష్టం. అందుకని నేనే వేసుకుందామనుకున్నాను. మా ఆవిడ చీటీ పాడి డబ్బు నా చేతిలో పెట్టింది. అక్కడివరకు నేను చేసినదానిలో తప్పులేదు. తప్పులు ఆ తర్వాత మొదలయ్యాయి.

ప్రెస్సులో లెక్క చెప్పారు. 300 ప్రతులైతే ఒక్కో ప్రతి 90 రూపాయలు పడుతుంది, 1000 అయితే 55. ఆ లెక్కలో మోసమేమీ లేదు. ఆఫ్‌సెట్ ముద్రణలో ప్లేట్లకూ మిషను సిద్ధం చేయడానికీ అయ్యే ఖర్చు ఎన్ని ప్రతులు వేసినా ఒకటే. ప్రతులు పెరిగితే కాగితం, సిరా, బైండింగు ఖర్చే పెరుగుతుంది. అందుకే ఎక్కువ వేసేకొద్దీ ఒక్కో ప్రతి ధర తగ్గుతుంది. నాకు ఆ 55 ఒక్కటే కనపడింది. 300 ప్రతులకు మొత్తం 27,000, వెయ్యికి 55,000 అన్నది కనపడలేదు. పుస్తకం వెల 150 పెట్టాను. షాపులకు వందకు నలభై కమిషన్ పోతే ప్రతికి నాకు వచ్చేది 90. అంటే షాపుల ద్వారా 612 ప్రతులు అమ్ముడైతే తప్ప పెట్టుబడి తిరిగి రాదు. అదే 300 వేసి, చదివేవాళ్ల చేతికి నేరుగా ఇచ్చి ఉంటే 180 ప్రతులతో అచ్చు ఖర్చు తీరిపోయేది. రోజూ బడిలో పిల్లలకు లెక్కలు చెప్పే నేను ఈ చిన్న లెక్క వేసుకోలేదు. నా పుస్తకాన్ని వెయ్యిమంది చదువుతారన్న ఆశ లెక్క వేయనివ్వలేదు.

వెయ్యి ప్రతుల కోసం అదనంగా పెట్టిన 28,000 కోసం ఎక్కడెక్కడ కోత పెట్టానో తలుచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది. మొదటి కోత ప్రూఫ్ దిద్దేవారికి ఇవ్వవలసిన డబ్బు. నేను కంప్యూటర్‌లో యూనికోడ్‌లో టైపు చేసి, ఒకటికి రెండుసార్లు చదివి, తప్పులు దిద్ది ఇచ్చాను. ఇంక చూడాల్సిందేముంది అనుకున్నాను. మన దగ్గర చాలాచోట్ల పేజీలు కట్టేది పాత డీటీపీ ఫాంట్లలో. యూనికోడ్ నుంచి వాటిలోకి మార్చేటప్పుడు కొన్ని వత్తులు ఊడిపోతాయి, కొన్ని అక్షరాల మీద గుణింతం చోటు మారుతుంది, అరుదైన సంయుక్తాక్షరాలు వేరే రూపంలోకి పోతాయి. కాబట్టి దిద్దాల్సింది ప్రెస్సుకు వెళ్లే పేజీలను, కంప్యూటర్‌లో ఉన్న రాతను కాదు. మార్పిడి అయ్యాక మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా మళ్లీ చదవాలి, అదీ రాసినవాడు కాక ఇంకొకరు చదవాలి. రాసినవాడి కన్ను పేజీ మీద ఉన్నదాన్ని చూడదు, తాను రాశాననుకున్నదాన్నే చూస్తుంది. ఇది డీటీపీ చేసే ప్రతివాళ్లకూ తెలుసు. నా పుస్తకం పేజీలు కట్టిన అబ్బాయి కూడా చెప్పాడు: "సార్, కన్వర్ట్ అయినాక ఒకసారి మొత్తం చూసుకోండి." ఆవిష్కరణ తేదీ ముంచుకొస్తోందని నేను పైపైన తిరగేసి సంతకం పెట్టాను.

రెండో కోత ఇంకా బాధపెడుతుంది. డెమ్మీ 1/8 సైజులో ఒక ఫారం అంటే 16 పేజీలు. పుస్తకం పది ఫారాలు, అంటే 160 పేజీలు దాటితే ఖర్చు ఇంకో మెట్టు ఎక్కుతుంది. నాది దాటింది. ఏదో ఒకటి తీసేయాలి. వెనక ఊళ్ల పేర్ల సూచిక ఉంది, ఏ ఊరి చెరువు సంగతి ఏ పేజీలో ఉందో చూపించేది. ముందు పెద్దలు రాసిచ్చిన నాలుగు ముందుమాటలు ఉన్నాయి. నేను సూచిక తీసేశాను. ముందుమాటలు తీసేస్తే రాసినవాళ్లు ఏమనుకుంటారోనన్న మొహమాటం కొంత, నన్ను మెచ్చుకున్న మాటలు అచ్చులో చూసుకోవాలన్న కోరిక ఎక్కువ. ఒక రైతు పుస్తకం తీసుకుని తన ఊరి చెరువు ఎక్కడుందో వెతుక్కునే దారిని నేనే మూసేశాను.

ఐఎస్‌బీఎన్ విషయంలోనూ అంతే. మన దేశంలో పుస్తకాన్ని గుర్తించే ఆ సంఖ్యను ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. రచయిత తన పుస్తకాన్ని తానే ప్రచురించుకున్నా దరఖాస్తు పెట్టుకోవచ్చు. నేను కనుక్కోకుండా మధ్యవర్తికి డబ్బిచ్చాను. అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని గ్రంథాలయాలకూ ప్రచురణకర్త ఒక్కో ప్రతి పంపాలని 1954 నాటి చట్టం చెబుతోంది. 30 రోజుల గడువు కూడా ఉంది. నా తర్వాత కూడా నా పుస్తకం ఎక్కడో ఒకచోట భద్రంగా ఉండే దారి అది. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఉచితంగా ప్రతులు పంచిన నేను ఆ నాలుగు ప్రతులు మాత్రం పంపలేదు.

ఇక ఆవిష్కరణ సభ. హాలు అద్దె, శాలువాలు, జ్ఞాపికలు, టిఫిన్లు, ఫ్లెక్సీ. మిగిలిన డబ్బు అక్కడ అయిపోయింది. వేదిక మీద కూర్చున్నవాళ్లంతా గౌరవనీయులే. కానీ ఒక్క నీరుగంటినీ పిలవలేదు. వాళ్లు అంతదూరం ఏం వస్తారులే అనుకున్నాను. ఒక బస్సు టిక్కెట్టు ఖర్చు పెట్టుకుంటే వచ్చేవాళ్లు. తర్వాత పత్రికలకు సమీక్ష కోసం రెండేసి ప్రతులు పంపాను, నగరాల్లోని షాపులకు కట్టలు వేశాను. పుస్తకం ఎవరి గురించో వాళ్ల ఊళ్లకు ఒక్క కట్టా పోలేదు. ఏడాది తిరిగేసరికి షాపుల నుంచి కట్టలు వెనక్కి వచ్చాయి.

అప్పుడు సంచిలో కొన్ని ప్రతులు పెట్టుకుని ఊళ్లకు వెళ్లాను. అందరికంటే ఎక్కువ చెప్పిన నీరుగంటి తాత మంచం పట్టి ఉన్నాడు. మనవరాలు ఇంటర్ చదువుతోంది. తాత చెప్పిన భాగం తెరిచి గట్టిగా చదివింది. ఇంటిపేరు దగ్గర ఆగింది. వత్తు ఊడిపోయి అది ఇంకెవరి ఇంటిపేరో అయింది. "ఇది మనది కాదే నాయనా" అన్నాడాయన. నాకు నోట మాట రాలేదు. తరాలుగా ఆ చెరువు తూము కాసిన ఇంటిపేరును నేను తప్పుగా అచ్చువేశాను. ప్రూఫ్ కోసం ఒకరికి కొంచెం డబ్బు ఇచ్చి ఉంటే ఆ తప్పు జరిగేది కాదు. ఆ ఊరివాళ్లు నన్ను ఒక్క మాటా అనలేదు. ఉన్న ప్రతులన్నీ అక్కడే డబ్బిచ్చి కొనుక్కున్నారు. ఇంకా ఉన్నాయా అని అడిగారు.

ఎందుకిలా చేశానని ఎంతో ఆలోచించాను. డబ్బు తక్కువై కాదు. ఉన్న డబ్బుతో ప్రతులు కొన్నాను, శ్రద్ధ కొనలేదు. ఎవరికోసం రాశానో వాళ్లను వదిలి, ఎవరి మెప్పు కావాలనుకున్నానో వాళ్ల వైపు తిరిగాను. చెరువు నిండితేనే చాలదు, తూము కింద మడి తడవాలి అని పుస్తకమంతా రాసిన నేనే ఆ మాట మరిచాను. పిల్లలకు విజ్ఞాన చంద్రికా మండలి పాఠం చెప్పినప్పుడైనా గుర్తుకు రావలసింది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు వంటివారు హైదరాబాదులో ఆ మండలి పెట్టి, చందాదారులను కూడగట్టుకుని వాళ్ల అండతో తెలుగులో చరిత్ర, విజ్ఞాన గ్రంథాలు వేశారు. పుస్తకానికి పాఠకులను ముందుగా కూడగట్టుకోవడం మనకు కొత్త కాదు. డబ్బు లేనివాళ్లకు అంతకంటే మంచి దారి ఇప్పటికీ లేదు.

ఇప్పుడు రెండో ముద్రణ సిద్ధం చేస్తున్నాను. డిజిటల్ ముద్రణలో ప్లేట్ల ఖర్చు ఉండదు కాబట్టి వంద రెండు వందల ప్రతులు కూడా వేయించుకోవచ్చు. ప్రతికి ధర ఎక్కువే పడుతుంది, ఆ ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడ్డాను. ఊరూరా పేర్లు రాసుకుని, ఎంతమంది కావాలన్నారో అన్నే వేస్తున్నాను. ముందుమాట ఒక్కటి చాలు. సూచిక తిరిగి చేరింది. మనుషుల పేర్లున్న పేజీలను ఆయా ఊళ్లకు తీసుకెళ్లి, వాళ్లచేతే చదివించి సరిచూసుకుంటున్నాను. దూరంగా ఉన్నవాళ్లకు తపాలా శాఖ 2025 మే నుంచి నడుపుతున్న జ్ఞాన్ పోస్ట్ ఉంది. 300 గ్రాముల లోపు పుస్తకం 20 రూపాయలకు, దాని మీద పన్నుతో, దేశంలో ఎక్కడికైనా వెళుతుంది.

సొంతంగా పుస్తకం వేసుకునేవారికి నేను మనసారా చెప్పేది ఇది. మీ దగ్గరున్న డబ్బులో మొదటి వాటా తప్పులు దిద్దేవారికి ఇవ్వండి. రెండోది పాఠకుడికి దారి చూపే పేజీలకు, అంటే సూచికకూ పటాలకూ పెట్టండి. మూడోది పుస్తకం ఎవరిదో వాళ్ల దగ్గరికి దాన్ని చేర్చడానికి. ఆ తర్వాత మిగిలినదానితో ఎన్ని ప్రతులు వస్తే అన్నే వేయండి. అవి అయిపోతే మళ్లీ వేసుకోవచ్చు.