బోర్డు లేని గది

నేను ఎక్సెల్ బండిని. చేవెళ్ల పక్క పల్లెలో బంతి, చామంతి పండించే రైతుది. పొద్దు పొడవకముందే పూలమూటలు కట్టించుకుని మొయినాబాద్, అజీజ్‌నగర్, లంగర్‌హౌజ్ మీదుగా గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోవడం నా కొలువు. పోయేటప్పుడు ఆయన నన్ను నడిపేవాడు. వచ్చేటప్పుడు చాలా ఏళ్లు నేనే ఆయన్ని ఇల్లు చేర్చాను. పూల పైసలు జేబులో పడ్డాక ఈ రోడ్డు మీద ఎక్కడెక్కడ ఆగాలో నా బ్రేకులకు కంఠతా వచ్చు. వైన్స్ ముందు ఒకసారి, కల్లు కాంపౌండ్ దగ్గర ఇంకోసారి. రెండూ దాటితే ఊళ్లో బెల్టు షాపు ఉండనే ఉంది. దానికి బోర్డు ఉండదు. అయినా బడి పిల్లాడిని అడిగినా చూపిస్తాడు.

మానేస్తానని ఆయన చిలుకూరు బాలాజీకి మొక్కాడు. నన్ను పార్కింగ్‌లో నిలబెట్టి 11 ప్రదక్షిణలు చేసొచ్చాడు. కోరిక తీరితే 108 చేయాలి. ఆ రోజు నుంచి చుక్క ముట్టలేదు. రెండోనాటికి నా హ్యాండిల్ మీద ఆయన చేతులు వణికాయి. యాక్సిలరేటర్ పట్టు నిలవలేదు, ఒళ్లంతా చెమట. మర్నాడు గోడ మీద ఎవరో నడుస్తున్నారన్నాడు. దేవుడు పరీక్షిస్తున్నాడని ఊరు ఊరంతా అంది. కాదు. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పొచ్చు, ప్రాణమే పోవచ్చు. కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం, డయాజిపాంలకు అలవాటు పడ్డవాళ్లకూ ఆ గండం తప్పదు. మొక్కుకోవద్దని నేననను, డాక్టరుకు చెప్పి మొక్కుకుంటే మంచిది.

ఆయన భార్య 14416కు ఫోన్ చేసింది. టెలి మానస్, 2022లో సర్కారు పెట్టిన ఉచిత సేవ, తెలుగులోనే మాట్లాడతారు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నారు.

"ఎర్రగడ్డకా? మా వోడేమన్న పిచ్చోడా?" అంది అత్త.

"అంటే అననియ్యి అత్తమ్మా. పానం ఉంటే సాలు."

ఆటోలో తీసుకుపోయారు. నేను వాకిట్లోనే ఉండిపోయాను.

ఆసుపత్రి వణుకు తగ్గించి పంపింది. కానీ ఇంటికొచ్చాక రోడ్డు అదే, దుకాణాలు అవే, జేబులో పూల పైసలు అవే. వార్డులో పరిచయమైన ఒకాయన, తానూ తాగి మానినవాడే, నంబరు ఇచ్చి పోయాడు. "అన్నా, తాగబుద్ధి పుడితే ఫోన్ కొట్టు. తాగినంక కొట్టినా ఎత్తుత గని, ముందుగాల కొడితే మంచిది."

తాగుడు మానాలనుకునేవాళ్లు కూడే మీటింగ్ ఒకటి ఉందని కూడా ఆయన చెప్పాడు, మెహిదీపట్నం దాటాక ఒక చర్చి ఆవరణలో. దానికీ బోర్డు లేదు, చూపించే పిల్లాడూ లేడు. మావాడు గేటు దాకా పోయి, నన్ను వెనక్కి తిప్పి, టీ కొట్టు దగ్గర ఆపాడు. చివరికి ఫోన్ కొడితే ఆ మనిషే బయటికొచ్చి పిలుచుకుపోయాడు.

లోపల ఎవరు ఏం చెప్పుకుంటారో నాకు తెలియదు, తెలిసినా బయటపెట్టకూడదన్నది అక్కడి కట్టుబాటు. వెనక సీటు మీది భార్యతో మావాడు అన్న ముక్కలే నాకు తెలుసు. పేరు చెబితే చాలు, ఇంటిపేరు అడగరు. ఫీజు లేదు. ఒక సంచి తిరుగుతుంది, ఉంటే వేయొచ్చు. మానాలన్న కోరిక ఉంటే చాలు, ఇంకే అర్హతా అక్కర్లేదు. నీతులు ఉండవు, ఎవరి కథ వాళ్లు చెప్పుకుంటారు. జన్మలో ముట్టనని ఒట్టు పెట్టించరు, ఇయ్యాల్టికి తాగనంటే సరిపోతుంది. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో బిల్ విల్సన్ అనే షేర్ మార్కెట్ మనిషి, బాబ్ స్మిత్ అనే సర్జన్ కలిసి దీన్ని మొదలుపెట్టారు. ఇద్దరూ తాగుడుకు బానిసలే. ఒకరి గోడు ఒకరు వింటుంటే తాగకుండా ఉండగలుగుతున్నామని కనిపెట్టారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అని పేరు పడ్డ ఆ పద్ధతి 1957లో బొంబాయికి వచ్చింది. సర్జన్ కష్టం, మా పూలరైతు కష్టం ఒకటేనంటే మొదట నేను నమ్మలేదు.

ఇంటివాళ్ల కోసం ఆల్-అనాన్ అని వేరే ఉంది. బిల్ భార్య లోయిస్ 1951లో పెట్టించింది. "తాగింది నువ్వు, మీటింగ్ నాకెందుకు?" అన్న మావాడి భార్య, పోయొచ్చాక చేను గట్టు మీద సీసాలు వెతకడం మానేసింది.

అత్త మాత్రం ఒప్పుకోదు. దుకాణాలు మూస్తే పీడ పోతుందంటుంది. ఒకసారి మూసి చూశారు కూడా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా పోయింది, 1995లో మద్యమే నిషేధమైంది, 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. ఆ ముసలామె కోపం నాకు న్యాయంగానే తోస్తుంది. మందు వాకిట్లోకి వస్తోంది. మానుకునే గదికి మాత్రం మేము 40 కిలోమీటర్ల దాకా పెట్రోలు కాల్చాలి. చేవెళ్లలో ఏ బడి గదో సాయంత్రం పూట తాళం తీసి ఇస్తే ఎవరి సొమ్ము పోయింది?

ఇప్పుడు మా ఆగుడు దారి పక్క మర్రిచెట్ల కింద. తాగబుద్ధి పుడితే అక్కడ నన్ను స్టాండేసి ఫోన్ తీస్తాడు. మొన్న పక్క ఊరి కూరగాయల రైతు దగ్గరికొచ్చి, "ఆడికి ఎవరెవరు వస్తరే?" అని ఆరా తీశాడు. "అది చెప్పరాదు బావా. గని బండి మీద జాగ ఉంది, వస్తవా?" అన్నాడు మావాడు. మీటింగ్ ఉన్న రోజు ఆ బావ వెనక ఎక్కుతున్నాడు. పూలమూటలే నయం, గతుకుల్లో నోరెత్తేవి కావు. ఈయన మొయినాబాద్ దాకా తిడుతూనే ఉంటాడు.