కాలిన దూలం ఆత్మకథ

నేనొక పైన్ చెట్టు దూలాన్ని. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, షో లో అనే ఊరు నాది. ఇప్పుడు మూరెడు కూడా లేని బొగ్గుముక్కను. శాస్త్రవేత్తలు నాకు పెట్టిన పేరు హెచ్‌హెచ్-39.

నాలో అన్నిటికంటే లోపలి వలయం 1237 నాటిది. ఏటా వసంతంలో లేత రంగు కొయ్య, వేసవి చివర ముదురు రంగు కొయ్య పెరిగి, రెండూ కలిసి ఒక వలయమయ్యేవి. మంచు, వాన సమృద్ధిగా పడిన ఏడు వలయం వెడల్పుగా వచ్చేది. నీళ్లు లేని ఏడు వెంట్రుకంత గీత పడేది. చెట్టుకు కాళ్లుండవు. కరువొస్తే వలస పోలేదు. ఉన్నచోటే నిలబడి, ఆ బాధను ఒంట్లోనే రాసుకుంటుంది.

నా చిన్నతనంలోనే ఒక పెద్ద కరువు వచ్చింది. 1276 నుంచి 1299 వరకూ సాగింది. నాలో ఆ ఏళ్ల గీతలు ఇప్పటికీ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. ఆ కాలంలోనే మెసా వెర్డే కొండ చరియల్లో రాతి ఇళ్లు కట్టుకున్న జనం ఊళ్లు విడిచి దక్షిణానికి తరలిపోయారు. వాళ్లు మాయమైపోయారని కొందరు కథలు చెప్పారు. అది నిజం కాదు. హోపీ, జూనీ వంటి ప్యూబ్లో ప్రజలు వాళ్ల వారసులే.

నాలో ఆఖరి వలయం 1380 నాటిది. నన్ను కొట్టి ఇంటికి దూలంగా వేశారు. తర్వాత ఆ ఇల్లు తగలబడింది. నా బతుకు అక్కడితో ముగిసిందనుకున్నాను. కానీ కాల్చిన నిప్పే నన్ను కాపాడింది. బొగ్గుకు చెద పట్టదు, అది కుళ్లదు. వలయాలు చెక్కుచెదరకుండా మట్టిలో ఉండిపోయాను.

చివరికి నన్ను చదివిన ఆండ్రూ ఎలికాట్ డగ్లస్ ఒక ఖగోళ శాస్త్రవేత్త. సూర్యుడి మచ్చలకూ వానలకూ సంబంధముందేమో తేల్చాలని చెట్ల వలయాలు చదవడం మొదలుపెట్టారు. ఒకే ప్రాంతంలోని చెట్లలో సన్న, వెడల్పు గీతల వరస ఒకేలా ఉంటుందని గమనించారు. బతికున్న చెట్టుకు పాత ఇంటి దూలాన్ని, దానికి ఇంకా పాత దూలాన్ని జత కలుపుతూ వెనక్కి నడిచారు. చివరికి ఆయన చేతిలో రెండు గొలుసులు మిగిలాయి. ఒకటి వర్తమానం నుంచి 13వ శతాబ్దం దాకా వెళ్లేది. రెండోది శిథిలాల దూలాలతో కూర్చిన 585 ఏళ్ల గొలుసు. అది ఏ శతాబ్దానిదో ఎవరికీ తెలియదు.

1929 జూన్ 22న పురావస్తు శాస్త్రవేత్తలు లిండన్ హార్‌గ్రేవ్, ఎమిల్ హౌరీ నన్ను తవ్వి తీశారు. పొడైపోకుండా నూలుదారంతో చుట్టి, పెట్రోల్‌లో కరిగించిన మైనం పట్టించారు. డగ్లస్ నా గీతలు ఒక్కొక్కటే లెక్కపెట్టారు. రెండు గొలుసులూ నాలో కలిశాయి. నిజానికి వాటి మధ్య ఖాళీయే లేదు, కొన్నేళ్లపాటు ఒకదానిమీద ఒకటి పడుతూనే ఉన్నాయి. కరువు ఏళ్ల గీతలు మరీ సన్నవి కావడంతో అంతవరకూ పోల్చుకోలేకపోయారు. క్రీ.శ. 700 నుంచి ఒకే కాలమానం సిద్ధమైంది. ప్యూబ్లో బోనిటో వంటి మహా కట్టడాలకు మొదటిసారి సంవత్సరాలు దొరికాయి. 1937లో అరిజోనా విశ్వవిద్యాలయంలో వలయాల అధ్యయనానికే ఒక ప్రయోగశాల వెలసింది.

నేను బాగా బతికిన ఏళ్లకంటే, దాహంతో కుంగిన ఏళ్లే చరిత్రకు ఎక్కువ పనికొచ్చాయి.

మీ గోదావరి తీరపు అడవుల్లో పెరిగే టేకుకు కూడా ఏటేటా స్పష్టమైన వలయాలు ఏర్పడతాయి. భారతదేశపు పాత రుతుపవనాల తీరు తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ఆ వలయాలను చదువుతున్నారు. కాబట్టి తాతల నాటి మండువా ఇల్లు పడగొట్టే రోజున, ఆ టేకు దూలాన్ని పొయ్యిలోకి నరికే ముందు ఒక్కసారి దాని కోసిన అంచు చూడండి. ఆ చెట్టు పెరిగిన చోటి వానల లెక్క అందులో ఉంది. దాన్ని పారేయకండి.