మిత్రబృందంతో పాత ఇంగ్లీషు కారు బాగుచేయు విధానం

పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లలో కొన్నిటికి కంపెనీ చాసిస్, ఇంజను వరకే ఇచ్చేది. బాడీని కోచ్‌బిల్డర్లు కొన్నవారి కోరిక మేరకు చేత్తో కట్టేవారు. హైదరాబాదుకు ఇది తెలియని విద్య కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌కు లండన్‌లోని బార్కర్ కంపెనీ సింహాసనంతో సహా బాడీ కట్టింది. ఆయన 1911లో కన్నుమూశాక గానీ బండి రాలేదు. ఇప్పుడది చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. సనత్‌నగర్ ఆల్విన్ వాళ్లు కూడా చాసిస్‌ల మీద బస్సు బాడీలు కట్టినవాళ్లే. కనుక సంగారెడ్డి, పటాన్‌చెరు వైపు ఇలాంటి కారును బాగుచేయడం అసాధ్యమేమీ కాదు. స్నేహితులు లేకపోతే ఇంకా సులువు.

వాళ్లు ఎలాగూ ఉంటారు గనుక ఎంపికలో జాగ్రత్త పడాలి. బీహెచ్ఈఎల్‌లో రిటైరైన ఫిట్టరు ఒకరు, ఇస్నాపూర్‌లో లేత్ మిషను ఉన్నవారు ఒకరు, పాశమైలారం మందుల కంపెనీలో పనిచేసే కెమిస్టు ఒకరు చాలు. ఆదివారం వచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని సలహాలిచ్చే నాలుగో మనిషి తప్పనిసరి. తప్పు జరిగినప్పుడు ముందే చెప్పానని అనడానికి ఒకరుండాలి. పదిమందిలో పాము చావదన్న సామెత తుప్పుకూ వర్తిస్తుంది.

విప్పడం మొదటి పని. ఫొటోలు తీయకూడదు, బోల్టులన్నీ ఒకే డబ్బాలో వేయాలి. ఆ రోజుల ఇంగ్లీషు బండ్లలో చాలావాటికి 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన పద్ధతి థ్రెడ్డే ఉంటుంది. దాని కోణం 55 డిగ్రీలు, మెట్రిక్ థ్రెడ్డుది 60. విట్‌వర్త్ పానా మీద ‘అర’ అని ఉంటే అది అంగుళాల్లో బోల్టు కాడ మందం. పానా నోరు 23 మిల్లీమీటర్ల పైచిలుకు. 23 నంబరు పానా పట్టదు, 24 వదులు. ఫిట్టరు 24 వేసి, దానికి పైపు తగిలించి, బలమంతా పెడతాడు. బోల్టు కదలదు, దాని తల మాత్రం గుండ్రమవుతుంది. అప్పుడు గ్యాస్ కట్టరు తెప్పించాలి.

బాడీకి లోపల కర్ర ఫ్రేము, పైన అల్యూమినియం రేకు ఉంటాయి. ఇంగ్లండులో యాష్ కర్ర వాడేవారు. ఇక్కడ టేకు దొరుకుతుంది, వడ్రంగి కూడా దొరుకుతాడు, కాకపోతే పెళ్లిళ్ల సీజనులో మంచాల పని ముగిశాక. రేకును కెమిస్టు చేతికి ఇవ్వాలి. అతను పెయింటు వదిలించడానికి కాస్టిక్ సోడా తొట్టి సిద్ధం చేస్తాడు. ఇనుముకు అది భేషైన పద్ధతి. అల్యూమినియం పడగానే తొట్టిలో బుడగలు లేస్తాయి. పెయింటు పోతుంది, వెనకే రేకూ కరిగిపోతుంది. లేచిన వాయువు హైడ్రోజన్ అని చెప్పి అతను అందరినీ బీడీలు ఆర్పేయమంటాడు. నలుగురి సలహాల్లో వెంటనే పాటించదగ్గది ఇదొక్కటే.

పోయిన ఎడమ తలుపును కుడిదాన్ని చూసి చేయిస్తే అది సరిపోదు. చేతిపని బాడీల్లో రెండు పక్కలూ అచ్చంగా ఒకేలా ఉండవు. మిగిలిన సందును డెంటరు పుట్టీతో నింపుతాడు. కరెంటు పనిలో ఒక్కటే చిక్కు: ఆ కాలపు బండ్లలో చాలావాటికి బాడీకి బ్యాటరీ పాజిటివ్‌ను కలిపేవారు. ఎలక్ట్రీషియన్‌కు ఈ సంగతి చెప్పకపోతే కొత్త రేడియో ఆయుర్దాయం అక్కడితో సరి.

విడిభాగాల విషయానికొస్తే, 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారు ఇంజనూ, మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి వాడిన పెట్రోలు ఇంజనూ ఒకే బీఎంసీ బి-సిరీస్‌వి. రెండూ 1489 సీసీలే. ఈ సంగతి మిత్రబృందానికి తెలియనివ్వకూడదు. తెలిస్తే ప్రతివాడికీ దొడ్లో అంబాసిడర్ ఉన్న మేనమామ గుర్తొస్తాడు. ముందు కార్బురేటరు వస్తుంది, తర్వాత గేరుబాక్సు, ఆపైన సీట్లు. ఏడాది తిరిగేసరికి షెడ్డులో తలుపులు సరిగా పడని అంబాసిడర్ ఉంటుంది.

దానికి రిజిస్ట్రేషన్ కావాలి. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ గుర్తింపుతో ‘వీఏ’ నంబరు ఇస్తారు. ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. చాసిస్, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదు. ఈ మాట విన్నాక నలుగురిలో ఎవరూ ఫోను ఎత్తరు. గుర్తింపు దక్కినా రోజూ తిప్పడానికి వీల్లేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు, పెట్రోలు కొట్టించడానికి మాత్రమే రోడ్డెక్కవచ్చు. సంగారెడ్డి దాకా షికారు తిప్పమని స్నేహితులు అడిగితే బంకు ఆ దారిలోనే ఉందని చెప్పి ఎక్కించుకోవాలి, పెట్రోలు డబ్బులు వాళ్ల చేతే పెట్టించాలి.