అట్ట మీద మా నాయన పేరు

నేనొక పుస్తకాన్ని. పేరు ‘మధురాంతకం రాజారాం కథలు’. పూతలపట్టులో ఒక బడి అయివోరింట్లో, తలుపు లేని బీరువా మూడో అరలో, పంచాంగాలకూ మందుల డబ్బాకూ మధ్య ఉంటాను.

ఆత్మకథంటే పుట్టుక నుంచి మొదలుపెట్టాలంటారు. అచ్చాఫీసు సంగతి సిరా వాసన తప్ప నాకేమీ గుర్తులేదు. ఊహ తెలిసింది తిరుపతిలో, ఒక పుస్తకాలంగట్లో. ఒకాయన నన్ను చేతిలోకి తీసుకుని, ధర చూసి, మళ్లీ పెట్టేసి బయటికి పోయాడు. మెట్లు దిగినవాడు దిగినట్టే వెనక్కొచ్చి నన్నూ, నా తోబుట్టువైన ఇంకో సంపుటాన్నీ కలిపి కొన్నాడు. పూతలపట్టు బస్సు దిగేదాకా మమ్మల్ని సంచిలో పెట్టలేదు, ఒళ్లోనే పెట్టుకున్నాడు. ఆయనే మా అయివోరు.

ఆయన అన్నిసార్లు వెనకాముందాడి కొన్నదానికి కారణం ఉంది. 1993కు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు మా నాయనకు వచ్చింది. మా నాయనంటే రాజారాం గారే. నన్ను రాసినాయన నాకు నాయన కాక ఇంకేమవుతాడు? నిజం చెప్పాలంటే అకాడమీ వాళ్లు అవార్డిచ్చేది పుస్తకానికి. కాబట్టి పేరు నాది, శాలువా ఆయనది. ఈ మాట పంచాంగాలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అవి ఏడాదికొకసారి మారిపోతాయి గనక విసుక్కునే అవకాశం లేదు.

మా నాయన ఊరు ఇక్కడికి దూరమేం కాదు. పూతలపట్టు స్టేషన్లో రైలెక్కి పాకాల జంక్షన్లో ధర్మవరం లైనుకు మారితే దామలచెరువు. కాయల కాలంలో ఆ ఊరి మామిడి మండీల పేరు తెలియని లారీ డ్రైవరుండడు. మా నాయన 1930లో మొగరాలపల్లెలో పుట్టి, దామలచెరువులో ఉండి, బడిలో పాఠం చెప్పుకుంటూ వందల కథలు రాశాడు. ‘తాను వెలిగించిన దీపాలు’కు కేంద్ర అవార్డుకు చాలా ముందే ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. వానకోసం ఆకాశం చూసే రైతులు, జీతం రాళ్లు చాలని బడిపంతుళ్లు, నలుగురి కంటా పడని చిన్న మనుషులు ఆయన కథల్లో ఉంటారు. పూతలపట్టు పేరు కూడా సాహిత్యంలో లేకపోలేదు. పూతలపట్టు శ్రీరాములురెడ్డి గారు కంబ రామాయణాన్ని తెలుగులోకి తెచ్చారు. కానీ మా అయివోరికి రాజారాం గారి మీద ఉన్నది వేరే మమకారం. పద్యం రాసేవాళ్లను దండం పెట్టి చూసేవాడు. రాజారాం గారిని మాత్రం పక్క బడిలో పనిచేసే మనిషిలాగా చూసేవాడు.

ఆ ఇంట్లో అప్పుడొక పాప ఉండేది, నాలుగో తరగతి. మామిడికాయ ముక్కలు తింటూ నన్ను తిరగేసేది. నా నూట చిల్లర పేజీలో ఇప్పటికీ ఒక సొన మరకుంది. అర్ధరూపాయంత వెడల్పు, అంచు నల్లగా, నడుమ తేనెరంగు. ఆ పేజీ ముందు పేజీకి అంటుకుపోతే చీపురుపుల్లతో విడదీశారు. అప్పుడు రెండక్షరాలు పోయాయి. చదివేవాళ్లు ఆ రెండక్షరాలూ తామే కలుపుకుంటారు.

ఒకరోజు ఆ పాప నా వెనక అట్ట చూస్తూ అడిగింది.

“నాయనా, ఈయన కూడా అయివోరేనా?”

“అవునమ్మా, అయివోరే.”

“మరి నువ్వెందుకు రాయవు?”

మా అయివోరు జవాబు చెప్పలేదు. ఆ మాపటేళ నుంచి మాత్రం రూళ్ల కాగితాల దస్తా ఒకటి నా పక్కన చేరింది. మూడు కథలు పోయి, స్టాంపులంటించిన తిరుగు కవర్లలో మూడూ ఇల్లు చేరాయి. నాలుగోది ఒక వారపత్రికలో అచ్చయింది.

పాప ఆ పత్రిక పట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తింది. తిరుపతి బస్సులూ చిత్తూరు బస్సులూ ఆగే కూడలది. సైకిలంగడి, టీ బంకు, అన్నీ తిరిగి చివరికి అరటిపండ్లమ్మ దగ్గరికి పోయింది. ఆమెకు చదువు రాదు. కథ పైన వేసిన బొమ్మను చాలాసేపు చూసి, “మీ నాయన బొమ్మ ఎంత బాగా గీసినాడే!” అనింది. పాప ఒక్క క్షణం ఆలోచించి, “ఊఁ” అనింది. ఇంటికొచ్చి ఆ సంగతి తనే చెప్పి ఏడ్చింది. వాళ్లమ్మ పడీపడీ నవ్వింది. బొమ్మ వేసినాయనకు ఈ దొంగతనం సంగతి ఈ రోజుకూ తెలియదు.

ఆ రాత్రి పత్రికను తెచ్చి నా మీద పెట్టారు. నాకు కొంచెం కష్టమనిపించింది. తండ్రి గొప్ప చెప్పుకోవడంలో ఆ ఇంట్లో నాకు పోటీ వచ్చిందని అప్పుడే తెలిసింది.

1999 ఏప్రిల్ 1న రాజారాం గారు పోయారు. ఎవరో వచ్చి చెబితే మా అయివోరు తారీఖు చూసి ఆటపట్టిస్తున్నారనుకున్నాడు. నిజమని తెలిశాక నన్ను తీసి, అన్నం కూడా తినకుండా, పాపకు ఒక కథ మొత్తం గట్టిగా చదివి వినిపించాడు. ఏ కథో చెప్పను, అది మా ఇంటి సంగతి.

మా నాయనకు నాలాంటి కాగితం బిడ్డలే కాదు, నిజం బిడ్డలూ ఉన్నారు. నరేంద్ర, మహేంద్ర ఇద్దరూ కథలు రాశారు. నరేంద్ర గారు తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఆచార్యుడిగా పనిచేశారు. ‘కథావార్షిక’ పేరుతో ఏడాదికొక సంకలనంలో ఇతరులు రాసిన మంచి కథలు ఏరి అచ్చువేశారు. తండ్రిని గురించి ఆయన మనసులో ఏముందో నాకేం తెలుసు? చేసిన పని కనబడుతుంది. ఇక్కడ నాకు ఓర్వలేనితనం ఉందని ఒప్పుకుంటున్నాను. నేను ముప్పై ఏళ్లుగా మా నాయన పేరు అట్ట మీద మోస్తున్నాను, అంతే. కొత్తగా ఒక్క వాక్యం కలపలేదు. పైగా రెండక్షరాలు పోగొట్టాను.

2022 డిసెంబరులో ఒక రాత్రి బెంగుళూరు నుంచి ఫోన్ వచ్చింది. పాప ఇప్పుడక్కడ ఉద్యోగం చేస్తోంది. “నాయనా, రాజారాం గారబ్బాయికి కూడా వచ్చిందంట, సాహిత్య అకాడమీ!” అని ఒకటే కేక. ‘మనోధర్మపరాగం’ నవలకు వచ్చింది. తండ్రికి వచ్చిన ఇరవై తొమ్మిదేళ్లకు కొడుక్కి. మా అయివోరు రిటైరై చాలా కాలమైంది, చెవులు కూడా సరిగా వినబడవు. “నాకా?” అన్నాడు. అవతల పాప నవ్వుతూ, “నీక్కూడా వస్తాదిలే, రాయి ముందు” అనింది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ నవల తెచ్చింది. సంగీతం, నాట్యం చేసి బతికిన దేవదాసీ కుటుంబాల కథ అది. దాన్ని నా పక్కనే నిలబెట్టారు. దాని అట్ట మీదా నా అట్ట మీదా ఒకే ఇంటిపేరు. అది కొత్తది, నిటారుగా నిలబడుతుంది. నాకు కుట్లు వదిలాయి గనక దానికి ఆనుకుని ఉంటాను.

దాన్ని పెట్టిన చోటు నా తోబుట్టువుది. పాప పెళ్లికి వచ్చిన చుట్టమొకరు రైల్లో చదువుకుంటానని ఆ సంపుటాన్ని తీసుకుపోయారు, ఇంతవరకూ తిరిగి తేలేదు. లోపల చిత్తూరు బస్సు టిక్కెట్టొకటి గుర్తుగా పెట్టి ఉంటుంది, మొదటి పేజీలో పచ్చ సిరాతో అయివోరి సంతకం ఉంటుంది. మీ ఇంట్లో గనక ఉంటే చదవడం పూర్తి చేసి మా పూతలపట్టుకు పంపించేయండి. మేము ముగ్గురం పట్టేంత తావు ఆ అరలో ఉంది, పంచాంగాలను పక్కకు జరుపుకుంటాం.